ఒకే దొడ్డిలో మేకలు, కోళ్లు, కావలి కుక్క: మెట్ట కమతం లెక్కలు

అనంతపురం, కర్నూలు, నాగర్‌కర్నూల్, నారాయణపేట వంటి మెట్ట జిల్లాల్లో రెండు మూడెకరాల కుటుంబం ఇంటి వెనక ఎనిమిదో పదో మేకలు, ఇరవైలోపు నాటుకోళ్లు, కొట్టం దగ్గర ఒక కుక్క సాధారణంగా కనిపిస్తాయి. ఈ మూడింటినీ ఎవరూ ఒక పథకం వేసుకుని తెచ్చుకోరు. పంట చేతికి రాని ఏడాదికి ఆసరాగా మేకలు, ఇంటి ఆడవాళ్ల చేతి ఖర్చుకు కోళ్లు వస్తే, కుక్క మాత్రం చాలా ఇళ్లలో దానంతట అదే వచ్చి చేరుతుంది. 2019 పశుగణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 55 లక్షలు, తెలంగాణలో సుమారు 49 లక్షల మేకలు ఉన్నాయి. దేశం మొత్తం మీద పెరటి కోళ్ల సంఖ్య అంతకు ముందరి 2012 లెక్కతో పోలిస్తే 45 శాతానికి పైగా పెరిగింది. అయితే మేకల పెంపకం మీద వచ్చే కరపత్రం కోళ్ల ఊసెత్తదు, కోళ్ల శిక్షణలో మేకల ప్రస్తావన రాదు, కుక్క గురించి ఎవరూ మాట్లాడరు. చిన్న కమతంలో లాభనష్టాలను తేల్చేది మాత్రం ఈ మూడూ ఒకదానికొకటి ఎదురుపడే చోట్లే: మేత తొట్టి, రాత్రి కొట్టం, మాంసం వ్యర్థాలు పడే మూల, ఈనే కాలం.

ముందుగా మేకల సంగతి. నాటు మేక చూడి కాలం ఐదు నెలలు, అంటే దాదాపు 150 రోజులు. మేపు బాగుంటే రెండేళ్లలో మూడు ఈతలు వస్తాయి, కవలలు మామూలే. కాగితం మీద ఈ లెక్క చాలా ఆశ పెడుతుంది. పది మేకలకు ఏడాదికి పదిహేను పిల్లలు పుట్టాయనుకుంటే, వాటిలో నాలుగైదు మూడు నెలలు నిండకుండానే పోయిన ఇంట్లో లాభమంతా అక్కడే హరించుకుపోతుంది. ఎక్కువ ఇళ్లలో పిల్లలు పోయేది తోడేలు నోట కంటే ముందు చలికి, విరేచనాలకు, జున్నుపాలు సమయానికి అందకపోవడానికి. పుట్టిన గంటలోపే పిల్ల జున్నుపాలు తాగేలా చూడటం, బొడ్డుకు అయోడిన్ రాయడం, రాత్రిపూట నేల పొడిగా ఉంచడం అనే మూడు పనులకు దాదాపు డబ్బు ఖర్చు లేదు. కావలి గురించి ఆలోచించే కుటుంబం మొదట ఈ లెక్క చూసుకోవాలి, ఎందుకంటే విరేచనాలతో చనిపోయిన పిల్లను కుక్క కాపాడలేదు.

జబ్బుల్లో అన్నిటికంటే ప్రమాదకరమైనది పారుడు వ్యాధి, అంటే పీపీఆర్. జ్వరం, కళ్లు ముక్కుల నుంచి స్రావం, నోట్లో పుండ్లు, ఆపైన ఆగని పారుడుతో మొదటిసారి సోకిన మందలో సగానికి సగం పోయే పరిస్థితి వస్తుంది. దీనికి మన దేశంలోనే, ముక్తేశ్వర్‌లోని భారత పశువైద్య పరిశోధన సంస్థ ప్రాంగణంలో సుంగ్రి-96 అనే వైరస్ రకంతో టీకా తయారుచేశారు. మూడు నాలుగు నెలలు దాటిన పిల్లకు ఒక్క మోతాదు వేస్తే కనీసం మూడేళ్లు రక్షణ ఉంటుంది. తొలకరికి ముందు చిటుక రోగం టీకా కూడా వేయించాలి. వానలు పడగానే మొలిచిన లేత గడ్డిని ఆబగా తిన్న మేక, అందులోనూ బాగా కండపట్టిన పిల్ల, సాయంత్రం గంతులేసి తెల్లారేసరికి చచ్చి పడి ఉండటం ఈ రోగం తీరు. నట్టల మందు విషయంలో ఒక జాగ్రత్త అవసరం: చూడి కట్టిన తొలి నెలలో ఆల్బెండజోల్ వాడితే కడుపులోని పిల్లకు హాని కలుగుతుంది కాబట్టి, పోతును ఎప్పుడు కలిపారన్నది గుర్తుంచుకోని ఇంట్లో మందలో అన్నిటికీ ఒకేసారి తాగించడం మంచిది కాదు. వాన ముఖం చాటేసి గిడసబారిన జొన్న పైరులో మేకలు పడితే అందులోని నాము విషం తగిలి నిమిషాల్లో కుప్పకూలతాయని మెట్ట రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు, అయినా ప్రతి కరవు ఏడాదీ ఈ కబురు ఏదో ఒక ఊరి నుంచి వస్తూనే ఉంటుంది.

కోళ్ల లెక్క మరీ చిన్నది, అందుకే దాన్ని ఎవరూ రాసుకోరు. నాటు పెట్ట ఏడాదికి మూడు నాలుగు విడతలుగా యాభై అరవై గుడ్లు పెడుతుంది, ఇరవై ఒక్క రోజులు పొదిగి పిల్లల్ని తానే తిప్పుతుంది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంచాలకాలయం రూపొందించిన వనరాజా మాంసానికీ గుడ్లకూ, గ్రామప్రియ ముఖ్యంగా గుడ్లకూ పనికొచ్చే పెరటి రకాలు. వీటి గుడ్ల సంఖ్య నాటు పెట్టకు రెట్టింపు దాటుతుంది, కానీ పొదగడం వీటికి దాదాపు రాదు. అందువల్ల తెలివైన ఇళ్లలో రెండు మూడు నాటు పెట్టల్ని పొదగడానికే అట్టిపెట్టుకుంటారు. రంగు ఈకలకు కూడా విలువ ఉంది: ఆరుబయట తిరిగే తెల్లకోడి గద్ద కంటికి సులువుగా దొరుకుతుంది, నేలలో కలిసిపోయే గోధుమ, నలుపు రంగు కోడి అంత తేలిగ్గా చిక్కదు.

కోళ్లను తుడిచిపెట్టేది కొక్కెర తెగులు, అంటే రాణిఖేత్. ఎండాకాలం ముదిరే వేళ ఊళ్లోకి వచ్చిందంటే వారం తిరిగేసరికి గంపలు ఖాళీ అవుతాయి. దీనికి టీకా ఉంది, ధర కూడా చాలా తక్కువ. అసలు చిక్కు సీసా పరిమాణంతో వస్తుంది. ఒక సీసాలో వందకో అంతకు మించో మోతాదులు ఉంటాయి. మందు కలిపాక చల్లగా ఉంచి రెండు గంటల్లోపు వాడేయాలి, మిగిలింది పారబోయాల్సిందే. పదిహేను కోళ్లున్న ఇల్లాలు ఒక్కతే ఆ సీసా కొనదు, కొన్నా ఐసు డబ్బా లేకుండా మండల కేంద్రం నుంచి తెచ్చేసరికి అది పనికిరాకుండా పోతుంది. కాబట్టి ఈ టీకా ఇంటింటికీ విడివిడిగా సాగే పని కాదు. పది పదిహేను ఇళ్ల మహిళా సంఘం ఒక రోజు నిర్ణయించుకుని, తెల్లవారుజామున కోళ్లను గంపల కింద నుంచి వదలకముందే పశుసంవర్ధక సహాయకుణ్ణి పిలిపించుకుంటే గంటన్నరలో వాడంతా పూర్తవుతుంది. కోడిపిల్లకు మొదటి వారంలో లసోటా అనే టీకా చుక్క, ఎనిమిదో వారంలో ఆర్‌టూబీ అనే టీకా సూది అన్న వరుస తప్పకుండా ఉంటే చాలు. దీనితో పాటు పాటించాల్సిన నియమం ఇంకొకటి ఉంది: సంక్రాంతికో జాతరకో సంతలో కొన్న కోడిని రెండు మూడు వారాలు వేరే ఉంచాలి. తెగులు మొదలవగానే మిగిలినవి సంతకు తరలించడం మన ఊళ్ల అలవాటు, ఆ కోళ్లు చేరేది ఎవరో ఒకరి పెరట్లోకే.

మేకల కొట్టంలోకి కోళ్లు రావచ్చా అన్న ప్రశ్నకు అవుననీ కాదనీ రెండు రకాల సమాధానాలు వినిపిస్తాయి. వస్తే మేలు ఉంది. పెంటికల్లో పెరిగే ఈగ పురుగుల్ని కెలికి తింటాయి, మేక ఒంటి నుంచి రాలిన పిడుదుల్నీ గోమార్లనూ ఏరుతాయి. కోళ్ల నుంచి మేక పిల్లలకు రక్త విరేచనాలు అంటుకుంటాయన్న భయం బలంగా ఉన్నా దానికి ఆధారం లేదు. ఆ విరేచనాలకు కారణమైన కాక్సీడియా కోడికి ఒక జాతివి, మేకకు మరొక జాతివి, ఒకదానివి మరొకదానికి సోకవు. కొట్టం తడిసి, పిల్లలు కిక్కిరిసి ఉండటమే అక్కడ అసలు దోషం. కానీ కోడి రెట్ట మేత తొట్టిలో, నీళ్ల తొట్టిలో పడితే సాల్మొనెల్లా వంటి సూక్ష్మజీవులు చేరతాయి. కాబట్టి రాత్రి కోళ్లు తొట్టి అంచుమీద కూర్చోకుండా, మూలన నాలుగడుగుల ఎత్తున ఒక దండెకర్ర కట్టి, దాని కింద మేత పెట్టకుండా ఉంటే సరిపోతుంది. ఎత్తైన చెక్క నేల వేసి, పైన మేకలు, కింద కోళ్లు ఉండేలా కట్టిన షెడ్ల వీడియోలు ఇప్పుడు చాలా తిరుగుతున్నాయి. చూడటానికి ముచ్చటగానే ఉంటాయి గానీ, పైనుంచి మూత్రం కారే చోట అమ్మోనియా ఘాటులో కోళ్లను రాత్రంతా ఉంచడం వాటి ఊపిరితిత్తులకు మంచిది కాదు. పగలు కిందికి వదిలి రాత్రి వేరే గూటికి తోలేవాళ్లే ఆ షెడ్డును సరిగ్గా వాడుతున్నట్టు.

తీవ్రమైన నష్టం దీనికి ఎదురు దిక్కున, కోళ్ల గింజలు మేకల నోట పడ్డప్పుడు జరుగుతుంది. మూత లేని సంచిలోని నూకలో మొక్కజొన్నలో ఒక మేక కడుపునిండా తింటే పొట్టలో పులుపు పెరిగి, ఉబ్బరించి, కాళ్లు చాచి పడుకుంటుంది. సమయానికి వైద్యం అందకపోతే ఒకటి రెండు రోజుల్లో చనిపోతుంది. రెండడుగుల ఎత్తున కోడి మాత్రమే దూరగల చిన్న కంత పెట్టి, గింజలు ఆ లోపలే చల్లడం పాత పద్ధతి. దానికి మించిన ఏర్పాటు ఏదీ అక్కరలేదు. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ బయటపడినప్పుడు పెరటి కోళ్ల సంగతి కూడా చర్చకు వచ్చింది. చుట్టుపక్కల కోళ్లు ఉన్నట్టుండి గుంపుగా చనిపోతుంటే వాటిని కుక్కకు వేయకుండా లోతుగా పూడ్చి, పశువైద్యశాలకు కబురు చెప్పడం ఈ మిశ్రమ దొడ్డిలో మరీ ముఖ్యం.

ఇక కుక్క. మేకలకు శత్రువులంటే తోడేలు, చిరుత అని వెంటనే గుర్తొస్తాయి. దక్కన్ మెట్టల్లో తోడేళ్లు ఇంకా ఉన్నాయి, నల్లమల అంచు ఊళ్లలో చిరుత భయం ఉంది. కానీ ఊరికి ఆనుకున్న పెరళ్లలో మేకల్ని, పిల్లల్ని ఎక్కువగా చంపేవి గుంపు కట్టిన ఊరకుక్కలే. తోడేలు ఒకదాన్ని ఎత్తుకుపోతుంది. ఊరకుక్కల గుంపు దొడ్డిలో చొరబడితే తినడానికి కాకపోయినా ఐదారింటిని కొరికి వదిలిపెడుతుంది. కోళ్లకు పగలు గద్ద, ముంగిస, రాత్రి అడవిపిల్లి, పాము. వీటిలో కుక్క అడ్డుకోగలిగేవి ఊరకుక్కలు, నక్క, ముంగిస, పిల్లి వరకే. గద్ద నుంచి కోడిపిల్లను కాపాడేది తల్లి కోడి రెక్కలు, దూరడానికి ఒక కంప పొద. చిరుత ముందు ఒంటరి కుక్క తానే ఆహారమవుతుంది. హిమాలయ ప్రాంతాల్లో గద్దీ, బకర్వాల్ పశుపోషకులు తమ పెద్ద కుక్కల మెడకు ఇనుప ముళ్ల పట్టా కట్టేది అందుకే.

మందను కాచే కుక్కకు, మందను తోలే కుక్కకు, వేటకుక్కకు మధ్య తేడా తెలియక జరిగే పొరపాటు చాలా ఖరీదైనది. ముధోల్, కారవాన్ కుక్కలు కంటితో చూసి తరిమే వేట జాతులు. పరుగెత్తేది ఏదైనా వాటికి వేటలాగే తోస్తుంది, బెదిరి పరిగెత్తే మేకపిల్ల కూడా. వేలకు వేలు పోసి అలాంటి పిల్లను తెచ్చి దొడ్డికి కట్టేసి, అది కోళ్లను పట్టిందని కొట్టడంలో అర్థం లేదు. కావలి కుక్క లక్షణం దీనికి సరిగ్గా వ్యతిరేకం: నిదానంగా ఉండాలి, తరమాలన్న తపన తక్కువగా ఉండాలి, మందకూ వచ్చే దానికీ మధ్య నిలబడి మొరగాలి. 1970ల చివర అమెరికాలోని హాంప్‌షైర్ కళాశాలలో రేమండ్ కాపింజర్, లోర్నా కాపింజర్ దంపతులు యూరప్, టర్కీల నుంచి కాపరి కుక్కల్ని తెప్పించి, ఏళ్ల తరబడి వందలాది కుక్కల్ని రైతులకిచ్చి గమనించారు. మంద మీద ధ్యాస, మందకు హాని చేయని నమ్మకం, మందను కాపాడే తెగువ అనే మూడు గుణాలుగా వారు దీన్ని విడదీశారు. వీటిలో మొదటి రెండూ ఎక్కువగా పెంపకంలోనే వస్తాయి.

ఆ పెంపకానికి కాలం చాలా చిన్నది. కుక్కపిల్ల మూడో వారం నుంచి పన్నెండో వారం వరకు ఎవరి మధ్య ఉంటే వాళ్లనే తనవాళ్లుగా భావిస్తుంది. ఏడెనిమిది వారాల పిల్లను తెచ్చి, కొట్టంలోనే ఒక మూల కంచె కట్టి, రెండు మూడు శాంతమైన మేకపిల్లల్ని దానికి జతగా ఉంచి, రాత్రి వాటి పక్కనే పడుకునేలా చేయాలి. కోపిష్టి తల్లిమేక కొమ్ములతో విసిరికొడితే బెదిరిపోయి జన్మలో మేకల దగ్గరికి పోని పిల్లలు ఉంటాయి కాబట్టి దూరి తప్పించుకునే ఒక కంత తప్పనిసరి. ఇంటి పిల్లలు దాన్ని ఎత్తుకుని ఆడుతూ గడప లోపల పెంచితే అది ఇంటికి కావలి అవుతుంది, మందకు కాదు. అలాగని మనిషి చెయ్యి తగలకుండానే పెంచితే టీకా రోజున పట్టుకోవడం కుదరదు. రోజూ కాసేపు నిమరడం, తాడు వేసి నడిపించడం అలవాటు చేయాలి. ఆరో నెల నుంచి ఏడాదిన్నర దాకా మేకపిల్లల చెవులు పట్టి లాగడం, తోకలు కొరకడం, ఆటగా తరమడం మొదలుపెడుతుంది. ఎక్కువ మంది రైతులు ఈ దశలోనే విసిగి కుక్కను వదిలేస్తారు. మెడకు పొడవాటి గొలుసు, పక్కన పెద్ద పోతు, గట్టి అదిలింపు ఉంటే ఈ దశ గడిచిపోతుంది. పూర్తి నమ్మకం రెండో ఏడు నిండాకే.

కోళ్ల విషయంలో ఆశ తగ్గించుకోవడం మేలు. మేక కుక్కను ఆనుకుని పడుకుంటుంది, మూతి ఆడిస్తుంది. కోడి దగ్గర ఆ బదులు ఉండదు, పైగా రెక్కలు తటతట కొట్టుకుంటే ఎంత మంచి కుక్కకైనా చూపు అటు తిరుగుతుంది. అందువల్ల కోళ్ల మధ్య కుక్కను పెట్టేకన్నా, కోళ్ల గూటిని మేకల దొడ్డి హద్దులోపలే ఉంచి, కుక్క మేకల్ని కాస్తుంటే ఆ నీడలోనే కోళ్లూ ఉండేలా చూడటం నికరమైన పద్ధతి. గుడ్లు తినే అలవాటు పడిందంటే దాన్ని మాన్పించడం కష్టం. అది చాలాసార్లు చాలని తిండికి గుర్తు. పొద్దునొక సంగటి ముద్ద, రాత్రొకటి వేసి ఇరవై కిలోల కుక్క రాత్రంతా కాయాలనుకుంటే అది పొద్దున్నే గుడ్ల మీద పడుతుంది. సంగటిలో మజ్జిగ, ఉడికించిన గుడ్డో ఎండు చేపల పొడో కలపడం కోళ్లు పోగొట్టుకోవడం కంటే చవక.

మన ప్రాంతపు కుక్కల్లో ఈ పనికి పనికొచ్చేవి లేవనడం సరికాదు. కర్నూలు జిల్లా పత్తికొండ మండలంలోని పందికోన కుక్కలకు కాపలాలో మంచి పేరుంది, కోస్తాలో జోనంగి కుక్కల్ని బాతుల్ని కాసేవారు వాడుకున్నారు. సామాన్య ఊరకుక్క పిల్ల కూడా సరైన వయసులో మేకల మధ్యకు చేరితే బాగానే కాస్తుంది; ఎండకు తట్టుకుంటుంది, తిండి తక్కువ. మంద తోలించుకుని పొలానికి ఎరువు చేసుకునే రైతులకు ఇది కొత్త సంగతి కాదు: గొల్ల, కురుమ కాపరులు బీడుల్లో మంద కట్టిన రాత్రి చుట్టూ కాసేది ఇలా పెరిగిన కుక్కలే.

అయితే ఈ కుక్క నుంచే మేకలకు వచ్చే ఒక ముప్పు గురించి ఊళ్లలో దాదాపు ఎవరూ మాట్లాడరు. పండక్కి మేకను కోసినప్పుడు కార్జంలో, ఊపిరితిత్తుల్లో నీటి బుడగల్లాంటి తిత్తులు కనిపిస్తే ఆ ముక్కను కోసి కుక్కకు విసిరేయడం మామూలు. అవి ఎకైనోకాకస్ అనే బద్దెపురుగు పిల్ల దశ. కుక్క తిన్నాక ఆరేడు వారాల్లో దాని పేగుల్లో పురుగులు పెరిగి, మలంతో పాటు కంటికి కనిపించని గుడ్లు బయటికొస్తాయి. ఆ గుడ్లు పడ్డ గడ్డి తిన్న మేకలో మళ్లీ తిత్తులు ఏర్పడతాయి. కుక్కను నిమిరి చేతులు కడుక్కోకుండా అన్నం తిన్న పిల్లవాడి కార్జంలోనూ ఏర్పడతాయి, మనిషికి అది ఏళ్ల తరువాత శస్త్రచికిత్సదాకా తెస్తుంది. ఇంకొక బద్దెపురుగు పిల్ల దశ మేక మెదడులో చేరుతుంది. మేక తల ఒక పక్కకు వాల్చి, ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతూ, గోడకు ఢీకొంటూ చిక్కిపోతుంది. దిష్టి తగిలిందనుకుని నిమ్మకాయలు కట్టిన మేకల్లో కొన్నింటికి కారణం అదే దొడ్డి కుక్క. తల కోసి మెదడు కుక్కకు వేస్తే చక్రం మళ్లీ మొదలు.

ఈ చక్రాన్ని తెంపడం తేలిక. పచ్చి వ్యర్థాలు కుక్కకు ఎప్పుడూ వేయకూడదు. అరగంట బాగా మరగనిచ్చి వేయవచ్చు, లేదా కుక్క తవ్వలేనంత లోతున పూడ్చాలి. వ్యర్థాలు దొరికే చోట తిరిగే కుక్కకు ఆరు వారాలకొకసారి, కట్టుదిట్టంగా ఉన్నదానికి మూడు నెలలకొకసారి ప్రాజిక్వాంటెల్ మాత్రను దాని బరువును బట్టి పశువైద్యుడు చెప్పినంత ఇవ్వాలి. మేకలకు తెచ్చిన నట్టల మందులో మిగిలినదాన్నే కుక్కకూ పోసేవారున్నారు, ఈ బద్దెపురుగు మీద దాని ప్రభావం నమ్మదగినది కాదు. మూడో నెలలో మొదలుపెట్టి ఏటేటా రేబిస్ టీకా వేయించడం గురించి వేరే చెప్పనక్కరలేదు: ఊరకుక్కల గుంపుతో రాత్రిళ్లు తలపడేది ఈ కుక్కే, కరిపించుకుని తెల్లవారి పిల్లల దగ్గరికి వచ్చేదీ ఇదే. సంచార పశువైద్య వాహనం కోసం 1962కు ఫోన్ చేసేటప్పుడు మేకతో పాటు కుక్క సంగతీ చెప్పాలి.

ప్రభుత్వ పథకాలు ఈ దొడ్డిని చూసే తీరు మరోలా ఉంది. 2021లో సవరించిన జాతీయ పశుధన మిషన్ కింద 50 శాతం రాయితీ ఇచ్చే మేకల యూనిట్ వంద ఆడమేకలు, ఐదు పోతులతో మొదలవుతుంది. తెలంగాణ 2017లో మొదలుపెట్టిన గొర్రెల పంపిణీ ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున కొంత చిన్న కుటుంబాన్ని దృష్టిలో పెట్టుకున్నదే అయినా, ఒక్క జాతినే లెక్కించింది. పది మేకలు, పదిహేను కోళ్ల ఇంటికి కావలసింది కొత్త జీవాలు కాదు. చిన్న సీసాల్లో టీకా, ఊరికొక ఐసు డబ్బా, కుక్కకు మాత్ర, వ్యర్థాలు పూడ్చే గుంత: వీటికి రాయితీ అడిగే దరఖాస్తే లేదు. తోడేలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉంది. మేక పోయిన కోపంతో కళేబరంలో విషం పెట్టడం నేరం, పైగా ఆ విషం తిని మొదట చచ్చేది చాలాసార్లు సొంత కుక్కే. నష్టపరిహారం అడగాలంటే కళేబరాన్ని కదపకుండా అటవీ సిబ్బందికి కబురు చెప్పాలన్న సంగతి తెలిసిన కుటుంబాలు తక్కువ.

చివరిగా, కుక్కకు వారసుడి గురించి. బాగా కాసే కుక్క ఎనిమిది తొమ్మిదేళ్లు పని చేస్తుందనుకుంటే, ఐదో ఆరో ఏట కొత్త పిల్లను తేవాలి. పాత కుక్క ఎప్పుడు మొరగాలో, ఈనే మేకకు ఎంత దూరంలో కూర్చోవాలో, మావి పడ్డాక దాన్ని ముట్టకుండా ఎలా ఉండాలో కొత్తది దాన్ని చూసే నేర్చుకుంటుంది. పాతది పోయాక తెస్తే రెండేళ్లు దొడ్డి కావలి లేకుండా ఉంటుంది. పిల్ల తేవడానికి అనువైన కాలం మేకలు ఈనని రోజులు, అంటే చాలా మందల్లో వానలకు కాస్త ముందు. అప్పుడు కొట్టంలో లేత పిల్లలు తక్కువ, దాని అల్లరిని ఓర్చుకునే పెద్ద మేకలు ఎక్కువ.